బొమ్మల వడ్రంగి ఓలే కిర్క్

మా బావ నంద్యాలలో పాత ప్లాస్టిక్ ఇటుకల బొమ్మలు కొని, బాగుచేసి మళ్లీ అమ్ముతాడు. వేసవి సెలవుల్లో ఆళ్లగడ్డ నుండి వెళ్లి నేనూ ఆ పని చేశాను. సంచిలో కలిసిపోయిన ముక్కలను గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడగాలి. మరీ వేడి నీళ్లు పోస్తే వంకర పోతాయి. ఆరిన తర్వాత ఆకారాన్ని బట్టి వేరు చేయాలి. రంగును బట్టి పోస్తే ఒకే రంగు కుప్పలో చిన్న ముక్క కంటికి ఆనదు. చివరగా పుస్తకం చూసి ముక్కలు లెక్కపెట్టి, ఒకసారి పూర్తిగా కట్టి చూడాలి.

అలా కట్టిన ఒక ఇంటికి కిటికీ ముక్క తక్కువైంది. ఎవరు చూస్తారులే, అమ్మేద్దామన్నాను. బావ ఒప్పుకోలేదు. ఆ సంగతి పెట్టె మీద రాసి ధర తగ్గించాడు. ఆ రాత్రి నాకు ఈ బొమ్మలకు మూలపురుషుడైన ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ కథ చెప్పాడు.

ఆయన 1891 ఏప్రిల్ 7న డెన్మార్క్ దేశంలో ఫిల్స్‌కోవ్ దగ్గర ఒక పేద కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలో గొర్రెలు కాశారు. అన్న దగ్గర వడ్రంగం నేర్చుకున్నారు. 1916లో బిల్లుండ్ అనే పల్లెలో ఒక వడ్రంగి కార్ఖానా కొన్నారు. 1924లో ఆయన కొడుకులిద్దరు ఆడుకుంటూ చెక్కపొట్టుకు నిప్పంటించారు. కార్ఖానా, ఇల్లు రెండూ కాలిపోయాయి. ఆయన కుంగిపోక మళ్లీ కట్టారు.

తర్వాత ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం వచ్చింది. ఇళ్లు కట్టించేవారు లేక పని తగ్గిపోయింది. 1932లో భార్య చనిపోయింది. నలుగురు కొడుకులను పెంచాలి. ఆ ఏడాదే ఆయన నిచ్చెనలు, ఇస్త్రీ బల్లలతో పాటు చెక్క బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. 1934లో తన సంస్థకు లెగో అని పేరు పెట్టారు. బాగా ఆడుకో అనే అర్థం వచ్చే డేనిష్ మాటల నుండి ఆ పేరు పుట్టింది. ఒకసారి అమ్ముడుపోని యోయో బొమ్మలు మిగిలిపోతే, వాటిని పారేయకుండా సగానికి కోసి బొమ్మ లారీలకు చక్రాలుగా బిగించారు.

ఆయన కొడుకు గాట్‌ఫ్రెడ్ ఒకరోజు చెక్క బాతులకు మూడు పూతల వార్నిష్‌కు బదులు రెండే పూసి రైల్వే స్టేషన్‌కు పంపాడు. డబ్బు మిగిల్చానని తండ్రికి గొప్పగా చెప్పాడు. తండ్రి మెచ్చుకోలేదు. వెంటనే వాటిని వెనక్కి తెచ్చి, రాత్రంతా పట్టినా సరే, ఒక్కడివే మూడో పూత వేసి పంపమన్నారు. కొడుకు అలాగే చేశాడు. ఆ పాఠం జన్మంతా మరవలేదు.

1942లో కార్ఖానా మరోసారి కాలిపోయింది. బొమ్మల నమూనాలూ బూడిదయ్యాయి. అయినా మళ్లీ నిలబెట్టారు. ఆ తర్వాత ప్లాస్టిక్ బొమ్మలు పోసే యంత్రం కొన్నారు. ఇంగ్లండ్‌లో హిల్లరీ ఫిషర్ పేజ్ అంతకుముందే చేసిన ఇటుకలను చూసి, వాటిని కొంత మార్చి 1949లో తమ ఇటుకలు తెచ్చారు. అవి లోపల బోలుగా ఉండి గట్టిగా పట్టుకునేవి కావు. తండ్రి తర్వాత సంస్థను నడిపిన గాట్‌ఫ్రెడ్ హయాంలో లోపల గొట్టాలు పెట్టి ఆ లోపం సరిచేశారు. 1958 జనవరి 28న పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. ఆ ఏడాది మార్చి 11న ఓలే కిర్క్ కన్నుమూశారు.

1958 నాటి ఇటుక ఈనాటి ఇటుకకు కూడా సరిగ్గా పడుతుంది. అందుకే ఎవరో వాడి వదిలేసిన ముక్కలతో మా బావ లాంటివారు మళ్లీ ఇల్లు కట్టి అమ్మగలుగుతున్నారు. మొదట చేసినవారు నిజాయితీగా చేస్తేనే పాత వస్తువుకు విలువ ఉంటుంది. తిరిగి అమ్మేవారు నిజాయితీగా చెబితేనే ఆ విలువ నిలుస్తుంది.

మిత్రులారా! మన ఆళ్లగడ్డ శిల్పుల పని చూశాం కదా. ఉలి దెబ్బ ఒక్కటి తప్పితే రాయి పాడవుతుంది. చదువైనా, హాస్టల్‌లో మన వంతు పనైనా అంతే. సీనియర్లు వాడిన పుస్తకాలతో చదువుతున్నామని మనం చిన్నబోనక్కర లేదు. అందులోని పాఠం పాతబడదు. ఎవరూ చూడకపోయినా మూడో పూత మాత్రం ఎగ్గొట్టకుండా ఉందాం.