డోర్నకల్ బిషప్ అజరయ్యగారు

మనము నివసించు గోదావరిఖని, రామగుండము ప్రాంతమున బొగ్గుబావి పద్ధతి యెరుగని పిల్లవాడు లేడు. ఒక షిఫ్టువారు పని చాలించి పైకి వచ్చు వేళకు మరియొక షిఫ్టువారు దిగుటకు సిద్ధముగా నుందురు. ఎంతటి నేర్పరియైనను ఒక్కని బలముమీద బావి నడువదు. వాడు పనినుండి తొలగకమునుపే వాని తరువాతివాడు పని నేర్చి యుండవలెను.

ప్రజల మేలుకొరకు లాభాపేక్ష లేక పనిచేయు సంఘములకును ఇదియే న్యాయము. యువజన సంఘము, మహిళా మండలి, రాత్రిబడి, అనాథాశ్రమము మొదలగునవి యెవరో యొక యుత్సాహవంతుని పూనికచే మొలకెత్తును. ఆయన ముదుసలియైనను, బదిలీపై ఊరు విడిచినను, వెలుపలినుండి వచ్చు ధనము నిలిచిపోయినను, అట్టి సంఘము వాడిపోవుట మనము చూచుచునే యున్నాము. తరువాతివారిని సిద్ధపరచుట యెట్లు? ఈ ప్రశ్నకు తన జీవితమునే యుత్తరముగా నిచ్చిన మహనీయుడు ఒకడు మన సింగరేణి సీమకు సమీపముననే పనిచేసి, అచ్చటనే కన్నుమూసెను. ఆయనయే వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు.

మన రామగుండపు బావులు 1960 తరువాతి కాలమున వృద్ధియైనవి. వీనికన్న మిక్కిలి పూర్వమే, 1871లో, ఇల్లందు సమీపమున బొగ్గు కనుగొనబడెను. అచ్చటి సింగరేణి గ్రామమువలననే మన కంపెనీకి ఆ పేరు కలిగెను. ఆ గనులకు పోవు రైలుదారి ప్రధానమార్గమునుండి చీలు కూడలియే డోర్నకల్. నేడది మహబూబాబాద్ జిల్లాలోనిది. నైజాము రాజ్యపు టంచున నున్న ఆ చిన్న యూరు ఒక తమిళ సోదరుని వలన లోకప్రసిద్ధి గాంచెను.

అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన, తిరునల్వేలి సీమలోని వెళ్లాళన్‌విళై గ్రామమున జన్మించిరి. తండ్రి తామస్ వేదనాయకంగారు ఆ గ్రామ సంఘమునకు గురువు. కుమారుడు పదునైదేండ్ల ప్రాయము వాడై యున్నప్పుడే తండ్రి గతించెను. భక్తురాలగు తల్లి కఠిన క్రమశిక్షణతో బాలుని పెంచెను. పిమ్మట ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని పట్టము పొందకయే విడిచిరి. ఇట్లు పట్టము లేని ఆ యువకునికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు బిరుదము నొసంగెను. పరీక్షలో తప్పిన విద్యార్థులు దీనినిబట్టి చదువును నిర్లక్ష్యము చేయరాదు, నిరాశపడనును రాదు.

1895లో ఆయన వై.ఎం.సి.ఎ. యను క్రైస్తవ యువజన సంఘమున కార్యదర్శిగా ప్రవేశించి, దక్షిణదేశమంతట తిరిగి యువకులను కలిసికొనుచుండిరి. 1898లో అన్బు మరియమ్మాళ్ అను విద్యావతిని వివాహమాడిరి. ఆ కాలమున దక్షిణదేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాల మెట్టెక్కిన కొలదిమందిలో నామె యొకతె.

1902లో ఆయన సింహళద్వీపమందలి యాఫ్నాకు పోయిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు విదేశీయుల ద్రవ్యమునకు ఎదురుచూడక, తమ సొంత ధనముతో, తమ సొంత మనుష్యులను దూరదేశములకు సువార్తసేవకై పంపుచుండిరి. ఈ దృశ్యము ఆయన మనస్సును గట్టిగా తాకెను. తిరునల్వేలి క్రైస్తవులు సంఖ్యలో అధికులై యుండియు ఇట్టి పనికి పూనుకొనకపోవుట ఆయనకు వెలితిగా తోచెను. మరుసటి యేడు, అనగా 1903 ఫిబ్రవరిలో, పాళయంకోటలో భారత మిషనరీ సంఘము స్థాపింపబడెను. మనుష్యులు మనవారే, ధనము మనదే, నిర్వాహము మనదే అనునది దాని మూలసూత్రము. ఆ సంఘము తమ సేవాక్షేత్రముగా ఎన్నుకొన్నది డోర్నకల్ పరిసరములనే. 1905 డిసెంబరు 25వ తేదీన శ్రీరామపురమున జాతీయ మిషనరీ సంఘము ఏర్పడగా, దానికిని అజరయ్యగారే ప్రథమ కార్యదర్శి యైరి.

ఇట్లు పేరును, పదవియు గల వానికి పట్టణములో సుఖముగా గూర్చుండి ఇతరులను పల్లెలకు పంపుట సులభమే. కాని ఇతరులను పొమ్మని హెచ్చరించువాడు తాను పోకుండుట ఆయనకు న్యాయముగా తోపలేదు. 1909లో ఆయన డీకను అభిషేకము పొంది, కార్యదర్శి పదవి విడిచి, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరిరి. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియైదేండ్లు. ఆ వయస్సున తెలుగు అక్షరములు దిద్దుకొని, పల్లెప్రజలతో వారి భాషలో మాటలాడ నేర్చిరి. నాయకుడు కాదలచినవాడు ముందు శిష్యుడు కావలెనని ఆయన నోటితో గాక నడతతో చూపిరి.

1910లో స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. వేయిమందికి పైగా కూడిన ఆ సభలో భారతీయులు మిక్కిలి కొలదిమంది. అజరయ్యగారు లేచి, విదేశీ మిషనరీలకును భారతీయ సేవకులకును నడుమ గల సంబంధమును గూర్చి నిర్భయముగా మాటలాడిరి. మిషనరీలు తమ ఆస్తిని, దేహమును కూడ ఈ దేశముకొరకు ధారపోసినందులకు కృతజ్ఞత తెలిపిరి. అయినను తమకు కొరతగా నున్నది స్నేహమనియు, యజమానుడు సేవకుని చూచునట్లు గాక సమానుని చూచునట్లు తమ్ము చూడవలెననియు విన్నవించిరి. కొందరికి ఆ మాటలు గుచ్చుకొన్నవి. కాని ఆ మాటలలో గొప్ప సత్యము కలదు. ఎవనికైనను పని మాత్రమే యిచ్చి నమ్మకము నియ్యకున్నచో వాడు మంచి నౌకరగునే గాని నాయకుడు కాడు.

అట్టి నమ్మకమును ఆయనయందు ఉంచిన వారిలో ముఖ్యులు మద్రాసు బిషప్పగు హెన్రీ వైట్‌హెడ్‌గారు. ఒక భారతీయుని బిషప్పుగా నియమించుటకు పలువురు ఆంగ్లేయులు ఒప్పుకొనలేదు. స్వజనులలోనే కొందరు కులభేదమును మనస్సున నుంచుకొని అభ్యంతరము చెప్పిరి. అయినను 1912 డిసెంబరు 29వ తేదీన, కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రలులో, ఆయన డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘమున భారతీయులలో ఆయనయే మొదటి బిషప్పు. అప్పటికి ముప్పదియెనిమిదేండ్ల వాడు.

ఇక ఆయన చేసిన ముఖ్యమగు పనిని చూతము. ఆయన అధ్యక్షతలో చేరినవారు అధికముగా మాల, మాదిగ కుటుంబములవారు, భూమిలేని కూలీలు, అక్షరము నెరుగనివారు, తరతరములుగా తలవంచి బ్రదికినవారు. వీరికి నాయకులను ఎచ్చటనుండి తేవలెను? వెలుపలనుండి చదువుకొన్నవారిని తెచ్చి వారిపై నిలుపుట ఒక మార్గము. అజరయ్యగారు ఆ మార్గమును ప్రధానముగా నమ్ముకొనలేదు. ఏ పల్లెకు నాయకుడు కావలెనో ఆ పల్లెవంటి పల్లెలోనే వానిని వెదకిరి.

ఆ పద్ధతి యిట్లుండెను. మొదట పల్లెకు ఒక ఉపాధ్యాయుడు. అతడు పగలు పిల్లలకు అక్షరములు నేర్పును; రాత్రి పెద్దలకు పాఠము చెప్పును; ఆదివారము ఆరాధన నడపును. ఇట్టివారిని అప్పుడప్పుడు ఒకచోట చేర్చి మరల శిక్షణ నిచ్చుచుండిరి. ఏండ్ల తరబడి పల్లెలో నమ్మకముగా పనిచేసినవారిలోనుండి కొందరిని ఏరి, డోర్నకల్ వేదాంత పాఠశాలకు భార్యలతో కూడ రప్పించి, ఆ స్త్రీలకును చదువు చెప్పించిరి. పిమ్మట వారిని గురువులుగా అభిషేకించిరి. అన్బు అమ్మగారు స్త్రీలను కూడగట్టుటలో భర్తకు కుడిభుజమై నిలిచిరి. 1924 నాటికి ఆ అధ్యక్ష ఖండమున ఆంగ్లేయ గురువులు 8 మంది కాగా, భారతీయ గురువులు 53 మంది. మరి పది యేండ్లకు భారతీయ గురువుల సంఖ్య నూరు దాటెను. గ్రామోపాధ్యాయులు సుమారు 2,000 మంది యైరి. 1941 నాటికి సంఘస్థులు రెండు లక్షలకు మించిరి. ఇంతమందిని ఒక్క మనిషి పోషింపగలడా? ఒక్కొక్క పల్లెలో ఒక్కొక్కడు భారము వహించుటచేతనే అది సాధ్యమయ్యెను.

రెండవది ధనమును గూర్చినది. పేదలు ఏమియు ఇయ్యలేరని తలంచి, వారికి సమస్తము ఉచితముగా నొసంగుట దయగా కనబడును. అజరయ్యగారు దానిని దయగా నెంచలేదు. ఇల్లాలు అన్నము వండుటకు ముందు పిడికెడు బియ్యము దేవుని పనికై వేరుచేయవలెనని నేర్పిరి. కోతకాలపు పండుగలో ధాన్యము, కోడి, గ్రుడ్లు, కూరగాయలు ఎవరికి తోచినది వారు తెచ్చుచుండిరి. ఆ పిడికెడు బియ్యపు విలువ అణాలలో స్వల్పమే. కాని ఇచ్చిన చేతికి అడుగు హక్కు కలుగును. లెక్క చూచు బాధ్యతయు కలుగును. ఇతరుల ధనముపై నడచు సంఘములో జనులు చేయి చాచుట నేర్తురు. తమ ధనముపై నడచు సంఘములో తల యెత్తుట నేర్తురు.

మూడవది సామాన్యునికి కూడ బాధ్యత నిచ్చుట. ఏటేట సాక్ష్యపు వారమని ఏర్పరచి, చదువురాని కూలివానిని సైతము పొరుగు పల్లెకు పోయి తన విశ్వాసమును గూర్చి చెప్పుమని పంపుచుండిరి. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములను పారద్రోలుట ప్రతి సంఘస్థుని పనియని బోధించిరి. ఈ నాల్గింటిలో కనీసము రెండు మన కార్మికవాడలను నేటికిని విడువలేదని వేరుగా చెప్పనక్కరలేదు.

డోర్నకల్‌లోని ఎపిఫనీ కథీడ్రలు 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడెను. దేవాలయముల శిల్పమును, మసీదుల శిల్పమును కలిపి, ఈ దేశపు కట్టడముగానే దానిని నిర్మించిరి. అందు పద్మములు చెక్కబడి యున్నవి. దాని నిర్మాణము పూర్తియగుటకు ఏండ్లు పట్టెను. ఆ రాళ్లు లేచుటకు ముందే పల్లెపల్లెలో మనుష్యులు లేచి నిలిచిరి.

ఇంత చేసినను ఆయన పనిలో కొరతలు లేవనుట సత్యము కాదు. కులభేదమును ఆయన తీవ్రముగా ఖండించినను, సంఘములోపలనే మాల మాదిగల నడుమ దూరము పూర్తిగా తొలగలేదు. మతమార్పిడి విషయమున 1930 తరువాతి దశాబ్దిలో గాంధీమహాత్మునికిని ఆయనకును తీవ్ర భేదాభిప్రాయము కలిగెను. అయినను క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు కావలెనని ఆయన కోరలేదు సరికదా, వాటిని వ్యతిరేకించిరి. తనవారు ప్రత్యేక కంచెలో నుండుటకన్న దేశప్రజలందరితో కలిసి యుండుటయే మేలని ఆయన నిశ్చయము.

1945 జనవరి 1వ తేదీన అజరయ్యగారు డోర్నకల్‌లోనే పరమపదించిరి. ఆయన తరువాత అధ్యక్షపీఠము నెక్కినవారు, అంతకు పూర్వము ఆయనకు సహాయ బిషప్పుగా నుండిన ఎలియట్ అను ఆంగ్లేయులు. ఇది మనము ఆలోచింపదగిన విషయము. పల్లెలలో వందలకొలది నాయకులను నిలిపిన వానికి సైతము, తన పీఠమునకు వారసుడు స్వజనులలోనుండి వెంటనే లభింపలేదు. దిగువమెట్లు నింపుటకన్న పైమెట్టు నింపుట కష్టము. పెద్దవాని నీడ యెంత చల్లనిదో అంత దట్టమైనది. దాని క్రింద మొక్కకు వెలుగు చాలదు. అయినను పల్లెపని ఆగలేదు. 1919లో తరంగంబాడి సమావేశమునాటినుండి ఆయన పాటుపడిన సంఘైక్యము 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘ రూపమున నెరవేరెను. ఆయన దానిని కన్నులార చూడలేదు. ఆయన తయారుచేసినవారు చూచిరి.

విద్యార్థులారా! నాయకత్వమనగా వేదికపై కూర్చుండుట కాదు. మీ సంఘములో లెక్కపుస్తకము వ్రాయుట, సభావృత్తాంతము వ్రాయుట, వసూలైన చందాను పైసతో సహా అప్పగించుట, ఇవియే దానికి మొదటి పాఠములు. వీనిని చిన్న పనులని త్రోసివేయకుడు. తలిదండ్రులారా! మీ కుమారుడో కుమార్తెయో పరులకొరకు సాయంకాలమున ఒక గడియ వెచ్చించినచో చదువు చెడునని భయపడకుడు. ఉపాధ్యాయులారా, సంఘముల పెద్దలారా! మీరు చక్కగా చేయగల పనిని, అంత చక్కగా చేయలేని యువకునికి అప్పగించి, ప్రక్కన నిలిచి ఓపికతో చూచుట మిక్కిలి కష్టము. అజరయ్యగారు ముప్పదిరెండేండ్లు ఆ కష్టమునే పడిరి.

రామగుండమున రైలెక్కి, కాజీపేటలో మారి విజయవాడ మార్గమున పోవువారు డోర్నకల్‌లో ఒక పూట దిగి ఆ కథీడ్రలును చూడవచ్చును. దాని సన్నిధినే అజరయ్యగారి సమాధి కలదు. ఆ చుట్టుపట్ల పల్లెలలో ఆదివారమున గంట మ్రోగించు సామాన్యులే ఆయనకు నిజమైన స్మారకము.