1957 పాటల్లో ఘంటసాల మేటి పాట ఏది?

డోన్: పాత పాటల్లో ఏది మేటి అని రచ్చబండ మీద వాదన మొదలైతే, అమర గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు పేరు రాకుండా అది ముగియదు. ఆయన పాటలు టూరింగ్ టాకీసుల్లో మార్మోగిన 1957వ సంవత్సరం ఒక్కటే తీసుకున్నా ఎంపిక కష్టమే. ఆయన జీవితం తెలిసినవారికి మాత్రం అది కొంత సులువు.

ఘంటసాల 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో జన్మించారు. తండ్రి సూరయ్య కుమారుణ్ణి భుజాన ఎక్కించుకుని తరంగాలు పాడేవారు. సంగీతం నేర్చుకొమ్మని కోరి, కుమారుడు చిన్నవాడిగా ఉండగానే కన్నుమూశారు. ఆ మాట నిలబెట్టడానికి బాలుడు విజయనగరం చేరి, ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తి ఆకలి తీర్చుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి చేరదీసి విద్య చెప్పారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని బళ్లారిలోని అలీపురం జైలులో శిక్ష అనుభవించారు. డోన్ నుంచి గుంతకల్లు మీదుగా రైలెక్కితే బళ్లారి ఎంతో దూరం కాదు. విడుదలయ్యాక మద్రాసు చేరి, మొదట బృందగానాల్లో గొంతు కలిపారు. 1949లో ‘మనదేశం’, 1951లో ‘పాతాళభైరవి’ చిత్రాలకు సంగీత దర్శకత్వం వహించారు.

ఇక 1957లో మూడు పాటలు పోటీకి నిలుస్తాయి. ‘మాయాబజార్’లో పి. లీలతో పాడిన వెన్నెల పడవ పాట ఒకటి. ‘సువర్ణసుందరి’లో ఆదినారాయణరావు నాలుగు రాగాలతో కూర్చగా జిక్కితో పాడిన యుగళగీతం రెండవది. ‘తోడికోడళ్ళు’లో ఆత్రేయ వ్రాయగా, మాస్టర్ వేణు స్వరపరచిన పాట మూడవది. కారులో హాయిగా తిరిగే కలవారి సుఖం వెనుక ఎందరు కూలీల చెమట ఉన్నదో ఆ పాట గుర్తుచేస్తుంది.

హాయి కోరేవారికి మొదటిది, రాగాల సొగసు కోరేవారికి రెండవది నచ్చవచ్చు. కాని బేతంచెర్ల గనుల్లో బండలు తీసే కూలీలకు, మెట్ట చేలలో వాన కోసం ఎదురుచూసే రైతులకు మూడవదే తమ పాట. అన్నం కోసం గడప గడపా తొక్కిన గొంతు అది. అందుకే ఆ పాటలో దబాయింపు లేదు. తెలిసినవాడు చెబుతున్న నిజం ఉంది.

1970లో పద్మశ్రీ అందుకున్న ఘంటసాల, జీవిత చరమాంకంలో భగవద్గీత గానం చేశారు. 1974 ఫిబ్రవరి 11న 51 ఏళ్ల వయసులో మద్రాసులో పరమపదించారు. తండ్రికి ఇచ్చిన మాట మాత్రం తెలుగు పల్లెల్లో ఇంకా వినిపిస్తూనే ఉన్నది.