డెమోస్తనీస్

డెమోస్తనీస్ (క్రీ.పూ. 384 - క్రీ.పూ. 322) ప్రాచీన గ్రీసు దేశంలోని ఏథెన్సు నగరానికి చెందిన మహావక్త, రాజనీతిజ్ఞుడు. మాసిడోనియా రాజు రెండవ ఫిలిప్ విస్తరణకు వ్యతిరేకంగా ఇతడు చేసిన ప్రసంగాలు చరిత్ర ప్రసిద్ధములు. నోటిలో గులకరాళ్ళు ఉంచుకొని మాట్లాడుతూ నత్తిని జయించిన బాలుని కథ ద్వారా ఇతని పేరు విద్యార్థులకు సుపరిచితము. అయితే ఇతడిని మొట్టమొదట సభ ముందు నిలబెట్టినది రాజకీయము కాదు, ఒక సివిల్ దావా. తండ్రి విడిచిపోయిన ఆస్తిని కాజేసిన సంరక్షకులపై ఇతడు ఇరవై ఏళ్ళ వయసులో వ్యాజ్యము వేసి గెలిచాడు. కాని తీర్పు చెప్పిన సొమ్ము పూర్తిగా చేతికి రాలేదు. ఆ తరువాత చాలా కాలము ఇతరుల బాకీ దావాలకు, ఒప్పంద వివాదాలకు ప్రసంగాలు వ్రాయడము ఇతని జీవనోపాధి అయినది.

బాల్యము, కుటుంబము

ఇతని తండ్రి పేరు కూడా డెమోస్తనీసే. ఆయన కత్తులు తయారుచేయించే సంపన్న వ్యాపారి. తల్లి పేరు క్లియోబులే. డెమోస్తనీస్‌కు ఏడేళ్ళు, చెల్లెలికి ఐదేళ్ళు ఉన్నప్పుడు తండ్రి మరణించాడు. మరణానికి ముందు ఆయన తన సోదరుని కుమారుడు డెమోఫోన్‌ను, సోదరి కుమారుడు అఫోబస్‌ను, చిన్ననాటి మిత్రుడు థెరిప్పిడీస్‌ను పిల్లలకు సంరక్షకులుగా నియమించి వీలునామా వ్రాశాడు.

ఆ రోజులలో 100 ద్రాక్మాలు ఒక మినా, 60 మినాలు ఒక టాలెంటు. డెమోస్తనీస్ న్యాయస్థానములో చెప్పిన లెక్క ప్రకారము తండ్రి ఆస్తి సుమారు 14 టాలెంట్లు. అందులో ముఖ్యమైనవి:

* కత్తుల కర్మాగారము, అందులో పనిచేసే 32 లేక 33 మంది బానిసలు. ఏటా 30 మినాల నికరాదాయము.
* 40 మినాల అప్పుకు తాకట్టుగా వచ్చిన 20 మంది మంచాలు చేసే బానిసలు. ఏటా 12 మినాల ఆదాయము.
* నెలకు మినాకు ఒక ద్రాక్మా చొప్పున, అనగా సాలుకు నూటికి 12 వడ్డీకి ఇచ్చిన ఒక టాలెంటు.
* నిల్వ ఉన్న దంతము, ఇనుము, కలప మొదలైన ముడి సరుకులు.
* 30 మినాల విలువ గల ఇల్లు, అందులోని సామాను, నగలు, 80 మినాల వెండి నాణెములు.
* ఓడ వ్యాపారానికి అప్పుగా ఇచ్చిన 70 మినాలు, పాసియోన్ అనే వ్యాపారి బ్యాంకులో దాచిన 24 మినాలు, మరికొన్ని చిల్లర బాకీలు.

సంరక్షకుల మోసము

సంరక్షకులు నమ్మకముగా ఉండాలని తండ్రి ముందుగానే వారికి లాభము కల్పించాడు. అఫోబస్ క్లియోబులేను వివాహము చేసుకోవాలి, అందుకు 80 మినాల కట్నము. చెల్లెలు పెద్దదైన తరువాత డెమోఫోన్ ఆమెను వివాహమాడాలి, అతనికి రెండు టాలెంట్లు. డెమోస్తనీస్‌కు యుక్తవయసు వచ్చేవరకు థెరిప్పిడీస్ 70 మినాలపై వచ్చే ఆదాయాన్ని అనుభవించవచ్చు. ముగ్గురూ సొమ్ము వెంటనే తీసుకున్నారు. వివాహాలు మాత్రము జరుగలేదు.

మైనరు ఆస్తిని కౌలుకు ఇచ్చి ఆదాయము పెంచే పద్ధతిని ఏథెన్సు చట్టము కల్పించినది. ఆ విధముగా కౌలుకిచ్చిన మరొక అనాథ బాలుని ఆస్తి మూడున్నర టాలెంట్ల నుండి ఆరేళ్ళలో ఆరు టాలెంట్లకు పెరిగినదని డెమోస్తనీస్ న్యాయస్థానములో ఉదాహరించాడు. ఇతని సంరక్షకులు ఆ పని చేయలేదు. పదేళ్ళ తరువాత, క్రీ.పూ. 366 ప్రాంతములో, మేజరైన యువకునికి వారు అప్పగించినది ఇల్లు, 14 మంది బానిసలు, 30 మినాల వెండి మాత్రమే. అన్నీ కలిపి సుమారు 70 మినాలు. వీలునామాను కూడా వారు బయటపెట్టలేదు.

ఏథెన్సులో సివిల్ దావాలు

ఈ వ్యాజ్యము అర్థము కావడానికి నాటి న్యాయవిధానము కొంత తెలియాలి. వ్యక్తుల మధ్య వివాదాలను డికే అనేవారు. వాది, ప్రతివాది స్వయముగా మాట్లాడవలసినదే. అవసరమైనవారు ప్రసంగాన్ని వేరొకరి చేత వ్రాయించుకొని కంఠస్థము చేసేవారు. దావా మొదట అరవయ్యో ఏట ఉన్న ఒక పౌరుని ముందుకు మధ్యవర్తిత్వానికి వెళ్ళేది. అక్కడ పరిష్కారము కాకపోతే సాక్ష్యపత్రాలను జాడీలలో ఉంచి ముద్ర వేసేవారు. ఆ తరువాత కొత్త సాక్ష్యము చేర్చడానికి వీలు లేదు.

1000 ద్రాక్మాలకు మించిన దావాలను 401 మంది పౌరులతో కూడిన న్యాయసభ విచారించేది. అడుగున రంధ్రము గల కుండలోని నీరు కారిపోయేంత సేపే మాట్లాడాలి. చట్టాలను, సాక్ష్యాలను చదివేటప్పుడు నీటిని ఆపేవారు. సభ్యులు తమలో తాము చర్చించుకోకుండా రహస్యముగా ఓటు వేసేవారు. నష్టపరిహారము ఎంత అన్నప్పుడు వాది కోరినది, ప్రతివాది ఒప్పుకున్నది - ఈ రెండింటిలో ఒకదానినే ఎంచుకోవాలి, మధ్యస్థముగా తేల్చే అధికారము లేదు. కొన్ని రకాల దావాలలో ఓడిన వాది దావా విలువలో ఆరవ వంతును ప్రతివాదికి చెల్లించాలి.

అన్నిటికంటె ముఖ్యమైన విషయము మరొకటి ఉన్నది. ప్రైవేటు దావాలలో తీర్పును అమలుపరచే బాధ్యత గెలిచినవానిదే. గడువులోగా ప్రతివాది చెల్లించకపోతే గెలిచినవాడు తానే వెళ్ళి అతని ఆస్తిని స్వాధీనము చేసుకోవాలి. అక్కడ ఎవరైనా అడ్డుపడితే వారిపై మరొక దావా వేయాలి.

అఫోబస్‌పై దావా

డెమోస్తనీస్ వారసత్వ వివాదాలలో నిపుణుడైన ఐసియస్ వద్ద శిక్షణ పొందాడు. ఒక్కొక్క సంరక్షకుని నుండి 10 టాలెంట్ల వంతున మొత్తము 30 టాలెంట్లు కోరాడు. అసలు, పదేళ్ళ ఆదాయము కలిపితే అంత అవుతుందని ఇతని లెక్క. క్రీ.పూ. 364లో మొదట అఫోబస్‌పై విచారణ జరిగినది. ఓడిపోతే ఆరవ వంతు నియమము క్రింద 100 మినాలు తానే చెల్లించాలి. తనకు దక్కిన మొత్తము ఆస్తి కంటె అది ఎక్కువ.

విచారణకు కొద్ది రోజుల ముందు ఒక ఎత్తుగడ ఎదురైనది. యుద్ధనౌక ఖర్చు భరించవలసిన ధనికుడు, తనకంటె సంపన్నుడని భావించిన మరొకరిని ఆ ఖర్చు భరించమని, లేదా ఇద్దరి ఆస్తులను మార్చుకుందామని సవాలు చేయవచ్చు. థ్రసిలోకస్ అనే ధనికుడు డెమోస్తనీస్‌కు ఈ సవాలు విసిరాడు. ఆస్తులు మార్చుకుంటే సంరక్షకులపై దావా హక్కు కూడా థ్రసిలోకస్‌కు పోతుంది, అతడు దానిని వదిలివేస్తాడు. అందువలన డెమోస్తనీస్ 20 మినాలు చెల్లించి దావాను నిలుపుకున్నాడు.

వీలునామా లేకపోయినా ఇతనికి ఒక బలమైన ఆధారము దొరికినది. యుద్ధ పన్నుల కొరకు ఆస్తి విలువ నమోదు చేసినప్పుడు సంరక్షకులే ఈ బాలుని నగరములోని అత్యంత ధనికుల శ్రేణిలో వ్రాయించి, ఆ ప్రకారము పన్ను కట్టారు. పన్ను చిట్టాలో 15 టాలెంట్లుగా ఒప్పుకున్న ఆస్తి 70 మినాలు ఎట్లా అయినదన్న ప్రశ్నకు అఫోబస్ వద్ద సరైన సమాధానము లేదు. తనకు ఒక టాలెంటు మాత్రమే విధించమని అఫోబస్ కోరగా, న్యాయసభ పూర్తిగా 10 టాలెంట్లు విధించినది.

తీర్పు తరువాత

అఫోబస్ తన ఆస్తులను బంధువుల పేరిట పంచి, ఇంటిని పొలాన్ని ఖాళీ చేసి మెగారా నగరానికి తరలిపోయాడు. డెమోస్తనీస్ పొలము స్వాధీనము చేసుకోబోగా అఫోబస్ బావమరిది ఒనెటోర్ అడ్డుపడ్డాడు. తన సోదరికి అఫోబస్‌తో విడాకులైనవనీ, తిరిగి రావలసిన కట్నానికి ఆ పొలము, ఇల్లు హామీ అనీ అతని వాదన. అందుకు గుర్తుగా అతడు అక్కడ రాళ్ళు పాతించాడు. ఆస్తిపై ఉన్న అప్పును లోకానికి తెలిపే ఇటువంటి శాసనపు రాళ్ళు అట్టికా ప్రాంతములో అనేకము దొరికినవి.

డెమోస్తనీస్ ఒనెటోర్‌పై దావా వేసి, ఆ విడాకులు తీర్పును తప్పించుకోవడానికి ఆడిన నాటకమని వాదించాడు. విడాకులైనదన్న కాలములో ఆమెకు జబ్బు చేయగా, ఆమె ప్రక్కనే అఫోబస్ కూర్చుని ఉండగా చూసిన వైద్యుని సాక్ష్యము ప్రవేశపెట్టాడు. సోదరిని విడిచిన మనిషి కొరకు ఒనెటోర్ న్యాయసభలో కన్నీరు పెట్టుకొని, ఒక టాలెంటుకు తానే పూచీ ఉంటానన్న విషయమూ గుర్తుచేశాడు. ఇంతలో అఫోబస్ అబద్ధపు సాక్ష్యము చెప్పాడంటూ డెమోస్తనీస్ సాక్షిపై ఎదురు దావా వేశాడు. ఇట్లు ఒక బాకీ కొరకు దావాపై దావా నడచినది. చివరకు పిత్రార్జితములో స్వల్ప భాగము కూడా ఇతడు రాబట్టుకోలేకపోయాడని జీవితచరిత్రకారుడు ప్లూటార్క్ వ్రాశాడు.

థ్రసిలోకస్ సవాలు నాటి మరొక వివాదము ఇంకా దీర్ఘముగా సాగినది. ఆ సమయములో థ్రసిలోకస్ సోదరుడు మెయిడియస్ ఇంట్లో చొరబడి తల్లిని, చెల్లెలిని దుర్భాషలాడినందుకు డెమోస్తనీస్ వేసిన దావాలో ప్రతివాది హాజరుకాక 1000 ద్రాక్మాల తీర్పు వచ్చినది. మెయిడియస్ చెల్లించలేదు. అమలు కొరకు వేసిన దావాను వాయిదాలతో, సాకులతో సంవత్సరాల తరబడి విచారణకు రానీయలేదు.

ప్రసంగ సాధన

ప్రజాసభలో ఇతని మొదటి ప్రసంగాన్ని జనము హేళన చేశారు. గొంతు బలహీనము, ఊపిరి చాలదు, పలుకు స్పష్టముగా లేదు. ప్లూటార్క్ చెప్పిన ప్రకారము గులకరాళ్ళు నోట ఉంచుకొని మాట్లాడడము, కొండ ఎక్కుతూ శ్లోకములు చదవడము, నేలమాళిగలో నెలల తరబడి అభ్యసించడము, బయటకు పోకుండా తల సగము గొరిగించుకోవడము ఈ కాలములోనివే.

ఇతరుల దావాలకు రచన

సొంత ఆస్తి కరిగిపోవడముతో డెమోస్తనీస్ రుసుము తీసుకొని కక్షిదారులకు ప్రసంగాలు వ్రాశాడు. వీటిలో పాసియోన్ బ్యాంకు వివాదము ప్రసిద్ధమైనది. బానిసగా జీవితము ప్రారంభించి పౌరసత్వము పొందిన పాసియోన్, తన బ్యాంకును మాజీ బానిస ఫోర్మియోన్‌కు కౌలుకిచ్చాడు. పాసియోన్ మరణించిన తరువాత అతని కుమారుడు అపొల్లోడోరస్, మూలధనము రావలసి ఉన్నదంటూ క్రీ.పూ. 350 ప్రాంతములో 20 టాలెంట్లకు దావా వేశాడు. డెమోస్తనీస్ ఫోర్మియోన్ పక్షాన వ్రాసిన ప్రసంగములో రెండు అంశాలు కీలకము. ఒకటి, అపొల్లోడోరస్ లోగడ బాకీలన్నీ తీరినవని ఒప్పుకున్నాడు. రెండు, దావాకు ఉన్న అయిదేళ్ళ కాలపరిమితి దాటిపోయినది. అపొల్లోడోరస్‌కు అయిదవ వంతు ఓట్లు కూడా రాలేదు. ఆ వెంటనే అపొల్లోడోరస్ ఫోర్మియోన్ సాక్షి స్టెఫనస్‌పై వేసిన దావాకు కూడా డెమోస్తనీసే వ్రాశాడని పలువురు పండితుల అభిప్రాయము. రెండు పక్షాలకూ పనిచేశాడన్న నింద ప్రత్యర్థులు మోపినది ఈ విషయములోనే.

ఇతని పేరిట ఉన్న సంపుటములోని ఓడ అప్పుల దావాలు ఆర్థిక చరిత్రకారులకు విలువైనవి. ఒక ఒప్పందములో 3000 ద్రాక్మాల అప్పుకు 3000 జాడీల ద్రాక్షసారాయి హామీ. ప్రయాణానికి నూటికి ఇరవై రెండున్నర వడ్డీ. సముద్రము ప్రమాదకరమయ్యే ఋతువు వచ్చాక తిరిగి వస్తే ముప్పై వడ్డీ. ఓడ మునిగితే బాకీ లేదు. తమ సరుకును హామీగా చూపకుండా మోసగించారని రుణదాత ఆరోపణ. ఏథెన్సుకు ధాన్యము విదేశాల నుండి రావలసి ఉండుటచే వర్తక దావాలను వేగముగా విచారించే ప్రత్యేక ఏర్పాటు క్రీ.పూ. 4వ శతాబ్దపు మధ్యకాలములో చేశారు. అందుకు వ్రాతపూర్వక ఒప్పందము తప్పనిసరి.

రాజకీయ జీవితము, మరణము

క్రీ.పూ. 351లో మొదటి ఫిలిప్పిక్ ప్రసంగముతో డెమోస్తనీస్ ఫిలిప్‌కు వ్యతిరేకముగా నిలిచాడు. క్రీ.పూ. 346లో కుదిరిన సంధిని ఫిలిప్ వమ్ము చేస్తున్నాడని పదేపదే హెచ్చరించాడు. క్రీ.పూ. 338లో ఖైరోనియా యుద్ధములో ఏథెన్సు, థీబ్సు సేనలు ఓడిపోయినవి. క్రీ.పూ. 330లో ప్రత్యర్థి ఎస్కినీస్‌పై గెలిచిన కిరీట ప్రసంగము ఇతని రచనలలో ఉత్తమమైనదిగా పేరొందినది.

క్రీ.పూ. 324లో అలెగ్జాండరు కోశాధికారి హర్పలస్ ధనముతో ఏథెన్సుకు పారిపోయి వచ్చాడు. భద్రపరచిన 700 టాలెంట్లలో సగమే లెక్కకు వచ్చినవి. అందులో 20 టాలెంట్లు తీసుకున్నాడన్న నేరముపై డెమోస్తనీస్‌కు 50 టాలెంట్ల జరిమానా పడినది. సంరక్షకులందరి నుండి తాను కోరిన దానికంటె అది ఎక్కువ. చెల్లించలేక చెరసాల పాలై, తప్పించుకొని ప్రవాసము వెళ్ళాడు. ప్రైవేటు బాకీలవలె గాక, రాజ్యానికి పడిన బాకీని తప్పించుకోవడము సులభము కాదు.

క్రీ.పూ. 323లో అలెగ్జాండరు మరణించగానే ఏథెన్సు ఇతనిని గౌరవముగా తిరిగి పిలిపించినది. జరిమానాను రద్దు చేసే వీలు లేకపోవుటచే, జ్యూస్ దేవుని బలిపీఠము అలంకరించే పని అప్పగించి, అందుకు 50 టాలెంట్లు కేటాయించి బాకీ తీర్చారు. మరుసటి సంవత్సరము మాసిడోనియా సేనాని యాంటిపేటర్ గెలిచి ఇతనిని అప్పగించమన్నాడు. కలౌరియా ద్వీపములో పొసైడన్ ఆలయములో శరణు పొందిన డెమోస్తనీస్, సైనికులు చుట్టుముట్టగా విషము మ్రింగి మరణించాడు. సుమారు నలభై ఏళ్ళ తరువాత, క్రీ.పూ. 280లో మేనల్లుడు డెమోఖారిస్ ప్రతిపాదనపై ఏథెన్సు అంగడివీధిలో ఇతని కంచు విగ్రహము ప్రతిష్ఠించారు.

రచనలు, ప్రభావము

డెమోస్తనీస్ పేరిట 61 ప్రసంగాలు లభిస్తున్నవి. వాటిలో కొన్ని అపొల్లోడోరస్ మొదలైన ఇతరులు వ్రాసినవని పండితులు తేల్చారు. రోమను వక్త సిసిరో ఇతనిని ఆదర్శముగా తీసుకొని, ఆంటోనీకి వ్యతిరేకముగా చేసిన తన ప్రసంగాలకు ఫిలిప్పిక్కులనే పేరు పెట్టుకున్నాడు. ఫిలిప్పిక్ ప్రసంగాలు వక్తృత్వానికి ఒరవడి కాగా, యౌవనములో ఆస్తి కొరకు చేసిన ప్రసంగాలు ఒక నగరములోని అప్పులు, వడ్డీలు, తాకట్లు, కట్నములు, బానిసల శ్రమ ఎట్లుండెడివో తెలిపే ఆధారములైనవి.