కట్టమంచి కట్టిన విద్యాపీఠం

1948 డిసెంబరు 11వ తేదీన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు స్నాతకోత్సవం జరిగినది. గౌనులు ధరించిన విద్యార్థులు వరుసగా లేచి పట్టాలు పుచ్చుకొన్నారు. కాని ఆనాటి గౌరవానికి ముఖ్యపాత్రుడైన వ్యక్తి మాత్రం సభలో లేరు. ఆయన శ్రీ అరవిందులు. 1926 నవంబరు నుండి పుదుచ్చేరిలో ఏకాంతవాసం సాగిస్తున్న ఆ యోగి బయటి సభలకు రారని అందరికీ తెలిసినదే. అయినను పరిషత్తు తన జాతీయ బహుమానాన్ని ఆయనకే ప్రకటించినది. ప్రశంసను సమర్పించినవారు వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు. అంతటితో ఆయన తృప్తిపడలేదు. అరువది ఎనిమిదేండ్ల వయస్సులో ఆ బహుమానాన్ని స్వయంగా తీసుకొని పుదుచ్చేరి వెళ్ళి అరవిందులకు అందజేసినారు.

పెద్దలను సత్కరించదలచిన విద్యాలయాలు వారిని తమ వేదికమీదికి రప్పించుకొనడమే పరిపాటి. ఇక్కడ విద్యాలయమే ఒక వృద్ధుని రూపంలో బయలుదేరి విద్వాంసుని గుమ్మానికి వెళ్ళినది. ఇందులో ఒక పాత సంబంధం కూడా ఉన్నది. బరోడా కళాశాలలో అరవిందులు వదలిన వైస్ ప్రిన్సిపాలు పదవిలో తరువాత కూర్చున్నది రామలింగారెడ్డిగారే. ఇరువురూ కేంబ్రిడ్జిలో చదివినవారే. ఒకరు కొలువు విడిచి విప్లవమార్గానికి, అటుపిమ్మట యోగమార్గానికి మళ్ళినారు. రెండవవారు విద్యాలయమే తపోవనమని నమ్మి, రాజకీయాలలో కొంతకాలం తిరిగివచ్చినా చివరకు ఆ ప్రాంగణంలోనే నిలిచినారు.

చిత్తూరు పట్టణానికి చేరువనున్న కట్టమంచిలో 1880 డిసెంబరు 10వ తేదీన రెడ్డిగారు జన్మించినారు. పై చదువుకు మదరాసు క్రైస్తవ కళాశాలలో చేరినారు. అక్కడి తెలుగు సంఘం ఒక కావ్యపు పోటీ పెట్టగా ఇరువదేండ్లైనా నిండని ఆ విద్యార్థి వ్రాసి పంపినదే ‘ముసలమ్మ మరణము’. అనంతపురం ప్రాంతంలోని బుక్కరాయసముద్రం చెరువు తెగబోయినప్పుడు ఊరిని కాపాడడానికి ప్రాణం అర్పించిన ఒక కోడలి కథ అది. రాజులూ, రాణులూ, అష్టాదశ వర్ణనలూ లేకుండా ఒక పల్లెటూరి ఇల్లాలిని కావ్యనాయికను చేయవచ్చునని ఆ చిన్న పుస్తకం చూపినది. తెలుగులో నవ్యకవిత్వానికి అది తొలిరేఖ అని పలువురు విమర్శకులు లెక్కించినారు. రెడ్డిగారు మరికొన్ని కావ్యాలు వ్రాసియుంటే తెలుగు సాహిత్యం ఏ దారి పట్టేదో గాని, ఆయన కవిత్వాన్ని అక్కడనే దాదాపు చాలించినారు.

1902లో ప్రభుత్వ విద్యార్థివేతనంతో ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్ర చదివినారు. అక్కడి విద్యార్థుల ప్రసిద్ధ చర్చావేదిక అయిన యూనియనుకు ఉపాధ్యక్షుడుగా ఎన్నికైనారు. పాలితజాతికి చెందిన యువకుడు పాలకజాతి పిల్లల నడుమ నిలిచి వాదంలో నెగ్గి ఆ స్థానం సంపాదించడం ఆ రోజులలో సామాన్యం కాదు. కేంబ్రిడ్జి ఆయనకు పట్టాతోబాటు మరియొకటి కూడా ఇచ్చినది. విశ్వవిద్యాలయం అంటే పరీక్షలు పెట్టి పట్టాలు పంచే కచేరీ కాదనీ, గురువులూ శిష్యులూ కలిసి జీవించే ఊరు వంటిదనీ ఆయన అక్కడ కన్నులారా చూచినారు.

స్వదేశానికి వచ్చిన తరువాత సయాజీరావు గైక్వాడు కొలువులో బరోడాలోను, ఆపైన మైసూరులోను పనిచేసినారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం వెలసినప్పుడు రెడ్డిగారు అక్కడనే ఉన్నారు. స్వదేశ సంస్థానాలలో మొట్టమొదట ఏర్పడిన విశ్వవిద్యాలయం అది. మహారాజా కళాశాల ప్రిన్సిపాలుగాను, తరువాత విద్యాశాఖకు ఇన్స్పెక్టరు జనరలుగాను ఉండి, అస్పృశ్యులని దూరముంచిన కులాల పిల్లలకు బడి వాకిళ్ళు తెరిపించడానికి పట్టుపట్టినారు. ఈ ఉద్యోగాల నడుమనే 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ వెలువడినది. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని ఆధారం చేసికొని ప్రబంధకవుల పోకడలను నిర్దాక్షిణ్యంగా తూచిన ఆ గ్రంథం పండితులలో పెద్ద కలకలం రేపినది. దానిని ఖండించినవారు కూడా దానిని చదువక తప్పలేదు.

1921లో కొలువుకు స్వస్తి చెప్పి మదరాసు రాజకీయాలలో దిగినారు. జస్టిస్ పార్టీలో చేరినారు గాని, పార్టీ కట్టుబాటు ఆయన స్వభావానికి సరిపడలేదు. 1923 నవంబరులో మదరాసు శాసనమండలిలో పానగల్లు రాజావారి మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం ప్రతిపాదించినవారు రెడ్డిగారే. తీర్మానం వీగిపోయినది. విచిత్రమేమనగా, ఆ మంత్రివర్గంలో విద్యామంత్రిగా ఉండిన పాత్రోగారు నడిపించిన బిల్లు వల్లనే 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినది. దానికి తొలి వైస్ ఛాన్సలరు, ఆ మంత్రివర్గాన్ని పడగొట్టజూచిన రామలింగారెడ్డిగారు!

ఆ విశ్వవిద్యాలయం ఆంధ్రులకు ఏమిటో తెలియవలెనంటే అంతకు పూర్వపు సంగతి తలచుకొనవలె. 1857లో మదరాసు విశ్వవిద్యాలయం పుట్టినది మొదలు ఏడు దశాబ్దాలపాటు గంజాము మొదలుకొని చిత్తూరు వరకు తెలుగు విద్యార్థి ఎక్కడ చదివినా పట్టా మదరాసుదే. స్నాతకోత్సవానికి రైలెక్కి, చెపాకం సముద్రతీరాన ఉన్న సెనేటు భవనం మెట్లెక్కవలసినదే. హైదరాబాదు సంస్థానంలోని తెలుగువారికి 1918లో ఉస్మానియా ఏర్పడినది గాని, అక్కడి బోధన ఉర్దూలో సాగినది. 1913లో బాపట్లలో తొలి ఆంధ్రమహాసభ జరిగిన నాటినుండి ఆంధ్రులు ప్రత్యేక రాష్ట్రం మాట ఎత్తుతూనే ఉన్నారు. రాష్ట్రం రావడానికి నలుబదేండ్లు పట్టినది. అంతలో విశ్వవిద్యాలయం వచ్చినది. ‘ఆంధ్ర’ అన్న పేరుతో ప్రభుత్వ ముద్ర పడిన పెద్ద సంస్థ ఒకటి చేతికి అందడం ఆనాటివారికి సగం రాష్ట్రం వచ్చినంత సంబరం కలిగించినది. అయితే ఆ పేరు పెట్టుకొన్న విద్యాలయంలో చదువు చెప్పినది ఇంగ్లీషులోనే అన్న మాటకూడా మరువరాదు.

పరిషత్తు మొదట బెజవాడలో వెలసినది. స్వంత నేల లేదు, భవనాలు లేవు. ఉన్నది చట్టం ఒకటి, అనుబంధ కళాశాలలు కొన్ని. తక్కినదంతా స్థలం కోసం తగవు. బెజవాడ అని కొందరు, రాజమహేంద్రవరం అని కొందరు, వాల్తేరు అని కొందరు, అనంతపురం అని రాయలసీమవారు. ఈ కలహంలో సీడెడ్ జిల్లాలూ, చిత్తూరూ చివరకు మదరాసు నీడలోనే నిలిచిపోయినవి. కట్టమంచి గ్రామం ఉన్నది చిత్తూరు జిల్లాలోనే కదా! ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని నడిపిన మనిషి స్వంత ఊరి పిల్లవాడికి ఆ విశ్వవిద్యాలయపు పట్టా అందే అవకాశం లేకపోయినది. సీమవారి ఈ కొరత 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో మరల తల ఎత్తినది. అనంతపురంలో ఆంధ్ర విశ్వవిద్యాలయ కేంద్రం ఒకటి అభివృద్ధి చేయవలెనన్నది అందులోని షరతులలో ఒకటి.

చివరకు వాల్తేరు నిలిచినది. సముద్రాన్ని చూచే ఆ ఎత్తైన నేలమీదికి 1930లో పరిషత్తు తరలినది. చిహ్నంగా కౌతా రామమోహనశాస్త్రిగారు చిత్రించిన ఉదయభానుడు, పద్మం, స్వస్తికం, ఇరువైపులా జ్ఞానాన్ని కాచే సర్పాలు అమరినవి. ఇక కట్టవలసిన సమయం వచ్చినది. సరిగ్గా ఆ సమయంలోనే రెడ్డిగారు రాజీనామా ఇచ్చినారు.

అది ఉప్పు సత్యాగ్రహపు సంవత్సరం. తెలుగు జిల్లాలలో లాఠీలు విచ్చలవిడిగా ఆడినవి. రెడ్డిగారు కాంగ్రెసువారు కారు. శాసనోల్లంఘన ఉద్యమంలో పాల్గొన్నవారు కారు. జైలుకు పోయే ఉద్దేశం అసలే లేదు. కాని విశ్వవిద్యాలయానికి ఛాన్సలరు మదరాసు గవర్నరు. ఆ దమనకాండకు బాధ్యుడైన గవర్నరు చేతి క్రింద, ఆ లాఠీలకు గురియైన యువకుల విద్యకు తాను పెద్దగా ఉండడం ఆయనకు పొసగలేదు. ప్రభుత్వపు అణచివేతకు నిరసనగా పదవి వదలుకొన్నారు. నాలుగేండ్లు తగవులతో పెనగులాడి సంపాదించిన నేలను, ఇల్లు కట్టకముందే మరొకరికి అప్పగించినారు. విద్యాలయానికి పరువు తెచ్చేవి భవనాలేనని ఆయన భావించియుంటే ఆ ఏడు కదిలేవారు కారు.

ఆ మరొకరు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు కావడం ఆంధ్రుల అదృష్టం. 1931లో ఆయన వచ్చి అయిదేండ్లలో వాల్తేరు మెట్టను విద్యాపీఠంగా మార్చినారు. జయపూరు మహారాజు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయల శాశ్వతదానం చేయగా శాస్త్రసాంకేతిక కళాశాల వెలసినది. సూరి భగవంతం, శేషాద్రి, హీరేన్ ముఖర్జీ, హుమాయూన్ కబీర్ వంటి యువ విద్వాంసులు నలుదెసల నుండి వచ్చి చేరినారు. 1933లో రవీంద్రనాథ ఠాకూరు వచ్చి ఉపన్యసించినారు. 1936లో రాధాకృష్ణన్ గారు ఆక్స్‌ఫర్డు పదవికి తరలిపోగా రెడ్డిగారు తిరిగి ఆ పీఠంమీదికి వచ్చినారు. తాను వదలిన ఖాళీ నేలమీద ఇతరులు నిర్మించిన భవనాలలోకి వచ్చి కూర్చొనడం అభిమానవంతునికి కొంత కష్టమైన పని. ఆయన మాత్రం పదమూడేండ్లు అక్కడ కుదురుగా పనిచేసినారు. పెండ్లి చేసికొనలేదు. సంసారమంతా పరిషత్తే.

ఈ రెండవ దశలో పరిషత్తు ఎవరిని సన్మానించినదో చూచినా రెడ్డిగారి కాలపు చూపు తెలుస్తుంది. వాడుకభాష కోసం జీవితాన్ని ధారపోసి, పండితులతోనూ, మదరాసు పరీక్షాధికారులతోనూ పోరాడిన గిడుగు రామమూర్తిపంతులుగారికి 1938లో ‘కళాప్రపూర్ణ’ ఇచ్చినది. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, చూపు కోల్పోయి కూడా గ్రంథరచన మానని చిలకమర్తి లక్ష్మీనరసింహంగారికి 1943లో అదే గౌరవం దక్కినది. ఏ కళాశాలా ఇవ్వని పట్టాన్ని తెలుగు భాష ఇప్పించినది. ఈ బిరుదం పేరు వినగానే సూరన కావ్యం పేరు స్ఫురించక మానదు. రెడ్డిగారి విమర్శగ్రంథం చదివినవారికి మరీను.

చిలకమర్తివారిని సన్మానించిన ఆ ఏట పరిషత్తు తన ఇంట లేదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్టణంపై బాంబులు వేసినవి. వాల్తేరు భవనాలు సైన్యం చేతికి పోయినవి. గ్రంథాలతో, పరికరాలతో, విద్యార్థులతో విశ్వవిద్యాలయం గుంటూరుకు వలసపోయినది. ముందు ఇల్లు లేని విద్యాలయాన్ని నడిపినవానికి, ఇప్పుడు ఇల్లుండీ పరవాసంలో ఉన్న విద్యాలయాన్ని నడుపవలసివచ్చినది. 1946లో గాని తిరిగి వాల్తేరు చేరలేదు. యుద్ధమంటుకొనే ముందు ఇక్కడ గణితంలో ఎం.ఏ. పట్టం పుచ్చుకొని కలకత్తా వెళ్ళిన యువకుడొకడు గణాంకశాస్త్రంలో ప్రపంచప్రసిద్ధుడైనాడు. ఆయన సి. ఆర్. రావుగారు. నూట రెండేండ్లు జీవించి 2023లో కన్నుమూసినారు.

1942లోనే రెడ్డిగారికి బ్రిటిషు ప్రభుత్వం ‘సర్’ బిరుదం ఇచ్చినది, ఆయన పుచ్చుకొన్నారు. 1930లో ప్రభుత్వపు లాఠీకి నిరసనగా పదవిని విసరివేసిన మనిషి, దేశం క్విట్ ఇండియా అంటున్న ఏడు ఆ ప్రభుత్వపు బిరుదం ఎట్లు స్వీకరించగలిగినారు? ఆయన అభిమానులకు ఈ ప్రశ్న ఎప్పుడూ ఇబ్బందికరమే. ఆయన ఏ గుంపుకూ పూర్తిగా చెందలేదనడం కొంతవరకే సమాధానం. జస్టిస్ పార్టీలో ఉండి దాని మంత్రులను ఎదిరించినారు, కాంగ్రెసువారు కాకుండానే కాంగ్రెసు సత్యాగ్రహులకోసం పదవి వదలినారు. ఆ తూకం అన్ని వేళలా నిలిచినదని చెప్పడం మాత్రం కష్టం.

అరవిందుల బహుమానం ఆయన వైస్ ఛాన్సలరు జీవితంలో చివరి ఘట్టాలలో ఒకటి. ఆ సందర్భాన అరవిందులు పరిషత్తుకు పంపిన సందేశంలో భాషాప్రాంతాల పునర్నిర్మాణాన్నీ, భారతదేశపు ఐక్యతనూ గూర్చి విచారించినారు. ఆంధ్రరాష్ట్రం కోసం ఎదురుచూస్తున్న ప్రజల విద్యాలయానికి అంతకన్న సమయోచితమైన విషయం మరొకటి లేదు. 1949లో రెడ్డిగారు వాల్తేరు విడిచి, తాను పడుచుతనంలో సేవించిన మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో ఛాన్సలరుగా వెళ్ళినారు. 1951 ఫిబ్రవరి 24వ తేదీన మరణించినారు.

ఆంధ్రరాష్ట్రం 1953 అక్టోబరులో అవతరించినది. మరుసటి ఏడు తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం నెలకొన్నది. కట్టమంచి పిల్లలు పట్టాకోసం ఇక మదరాసు పోనక్కరలేకపోయినది.