సైన్యాన్ని అడిగి తెచ్చిన కవి

మా వెంకటాచలం కాడ హైవే వదిలేసి కృష్ణపట్నం ఓడరేవు దారి పడితే ముత్తుకూరు వస్తుంది. ఎటు చూసినా లారీలు, రొయ్యల గుంటలు. ఆ ఊరి పేరు 760 ఏళ్ళ కిందటి యుద్ధంలో ఉందని డిగ్రీకి వచ్చిందాకా నాకు తెలియదు. తెలిసినాక తిక్కన మీద నా లెక్కే మారిపోయింది.

బడిలో మనకు తిక్కన అంటే భారతంలో 15 పర్వాలు తెలుగు చేసిన కవి. పరీక్షలో రెండు మార్కులు, అంతే. కానీ ఆయన నెల్లూరు రాజు మనుమసిద్ధికి మంత్రి కూడా. తాత మంత్రి భాస్కరుడు, నాయన కొమ్మన, తల్లి అన్నమ. నిర్వచనోత్తర రామాయణం రాసి మనుమసిద్ధికే అంకితమిచ్చాడు. రాజు ఆయన్ని మామా అని పిలిచేవాడంట.

నెల్లూరు అప్పుడు చిన్న రాజ్యం. పైన ఓరుగల్లులో కాకతీయులు, కింద మధురలో పాండ్యులు, మధ్యలో నలిగేది మనోళ్ళు. ఇది చాలదన్నట్టు దాయాదులు అక్కన, బయ్యన కలిసి మనుమసిద్ధిని గద్దె దించేశారు.

అప్పుడు తిక్కన ఓరుగల్లు పోయాడు. రైలా, బస్సా? నాలుగొందల కిలోమీటర్ల పైమాటే. గణపతిదేవుడి కొలువులో తన రాజు తరఫున మాట్లాడి, సైన్యం సాయానికి ఒప్పించాడని సిద్ధేశ్వర చరిత్ర చెప్తుంది. కాకతీయ సైన్యం దిగింది. మనుమసిద్ధి మళ్ళీ గద్దెక్కాడు.

ఆ సాయం ఊరికే రాలేదబ్బా. నెల్లూరు ఓరుగల్లు నీడ కిందికి పోయింది. వాళ్ళ శత్రువు మనకూ శత్రువయ్యాడు. ఇంట్లో గొడవలన్నా ఆగాయా అంటే అదీ లేదు. పశువుల మేతకు కట్టే పుల్లరి కాడ కాటమరాజుతో తగాదా పెరిగి యుద్ధమైంది. తిక్కనకు అన్నదమ్ముల వరసయ్యే ఖడ్గ తిక్కన అందులోనే చచ్చిపోయాడు. ఒకే నేల మీద మనుషులు గడ్డి కోసం కొట్టుకున్నారు.

1263 ప్రాంతంలో జటావర్మ సుందర పాండ్యుడు దండెత్తి వచ్చాడు. ముత్తుకూరు కాడ కాకతీయుల పక్షం ఓడిపోయింది. పాండ్యుడు మన నెల్లూరులోనే వీరాభిషేకం చేయించుకున్నాడు. పెద్ద రాజ్యం అండ ఉన్నా ఊరు నిలవలేదు.

ఇయ్యాల యూరప్‌లో 27 దేశాలు ఒక కూటమిగా ఉన్నాయి. ఒకరి మీద దాడి జరిగితే మిగతావాళ్ళు సాయం చెయ్యాలని లిస్బన్ ఒప్పందంలో రాసుకున్నాయి. అందులో చిన్న దేశానికీ ఓ కుర్చీ, ఓ మాట ఉంటాయి. తిక్కన తెచ్చింది అట్టాంటిది కాదు. అది ఒక పెద్ద రాజు దయ. దయ ఉన్నన్నాళ్ళే కాపలా.

అందుకని తిక్కనను తప్పుపట్టలేం. గద్దె పోయిన రాజు కోసం ఆయన చేతిలో ఉన్నది మాట ఒక్కటే, దాంతోనే సైన్యాన్ని కదిలించాడు. ఉద్యోగపర్వంలో కృష్ణరాయబారాన్ని తెలుగులో రాసినాయన, సొంతంగా రాయబారం నడిపినాయన ఒకరేనని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కానీ బయటి నుంచి సాయం తేగలిగినాయన, ఇంట్లో దాయాదిని, పక్కూరి పశులకాపరిని మన పక్షాన నిలబెట్టలేకపోయాడు. ఆ పని రాజుది, జనానిది. ఇప్పటికీ మనదే.