ఒంటరి కాని వీరుడు

మన అలంపురములో తుంగభద్ర ఒడ్డున ఉన్న నవబ్రహ్మ ఆలయములను ఎరుగనివారు ఈ ప్రాంతములో అరుదు. అవి బాదామి చాళుక్యుల కాలము నాటివి. ఆ వంశములో యుద్ధము వలన తండ్రిని, రాజధానిని ఒక్కమారే పోగొట్టుకొనిన కుమారుడొకడు ఉండెను. ఆయనే మొదటి విక్రమాదిత్యుడు. సంఘకాపరిగా మరణము సంభవించిన ఇండ్లకు వెళ్లి, మాట తోచక కూర్చున్నప్పుడెల్ల ఈయన కథ నాకు జ్ఞాపకము వచ్చును.

తండ్రి రెండవ పులకేశి, హర్షవర్ధనుని నర్మద దాటనీయని మహావీరుడు. 642లో పల్లవరాజు నరసింహవర్మ వాతాపిని పట్టుకొనెను. పులకేశి ఆ యుద్ధములోనే మరణించెనని చరిత్రకారులు తలంచుచున్నారు. తరువాత సుమారు పదమూడేండ్లు రాజ్యము చెదరిపోయి ఉండెను.

655లో విక్రమాదిత్యుడు సింహాసనమెక్కెను. చిత్రకంఠమను గుర్రమును, చేతి కత్తిని మాత్రమే తోడు చేసికొని శత్రువులను గెలిచెనని ఆయన శాసనములు పొగడును. వీరుని ఒంటరివానిగా చూపుటయే లోకమునకు ఇష్టము. జరిగినది వేరు. తమ్ముడు జయసింహవర్మ కష్టకాలమున అన్నను విడువలేదు. అన్న అతనికి లాటదేశపు, అనగా నేటి దక్షిణ గుజరాతు ప్రాంతపు పాలన అప్పగించెను. గంగరాజైన మాతామహుడు దుర్వినీతుడు అండగా నిలిచెనని పలువురు చరిత్రకారులు చెప్పుదురు. 660లో సుదర్శనాచార్యుడను గురువు ఆయనకు శివమండల దీక్షనిచ్చెను. ఈ సంగతి తెలుపు రాగిరేకులు మన అలంపురము దగ్గరి ఆముదాలపాడులోనే దొరికినవి. రాజ్యము చేజిక్కి అయిదేండ్లయిన తరువాతను, ఒకరి చెంత శిష్యుడై కూర్చుండవలెనని ఆ రాజునకు అనిపించెను. ఆయన మతము వేరు, మనది వేరు. మనిషికి మనిషి కావలెననుట మాత్రము అందరికిని ఒక్కటే.

ఇంకొక మాట కూడ చెప్పవలెను. గద్వాలలో దొరికిన 674 నాటి రాగిరేకులను ఆయన కావేరి దక్షిణపు టొడ్డున, దండు విడిసిన చోటినుండి వేయించెను. పల్లవులను ఓడించి కంచిని పట్టుకొంటినని వాటిలో చెప్పుకొనెను. పల్లవ పరమేశ్వరవర్మ పెరువళనల్లూరు వద్ద తిరిగి ఆయనను ఓడించితినని చెప్పుకొనెను. ఈ పోరులో ఇరువైపుల ఎందరు బిడ్డలు తండ్రిలేనివారైరో ఏ రేకు మీదను వ్రాయబడలేదు. తండ్రి కొరకు ఎత్తిన కత్తి పగ తీర్చెనేమో గాని, దుఃఖము తీర్చినదని నేను నమ్మజాలను. చెదరిన ఆ కుమారుని నిలిపినవారు తమ్ముడు, తాత, గురువు.

ప్రియులారా, సైన్యమునకు వెళ్లిన కుమారుడో భర్తయో తిరిగిరాని ఇల్లు మీ వీధిలో ఉండవచ్చును. ధైర్యముగా ఉండుమని గుమ్మములో నిలిచి చెప్పి వచ్చివేయకుడి. పరిచర్య మొదటి దినములలో నేనును అట్లే చేసితిని; దానికి నేటికిని సిగ్గుపడుచున్నాను. లోపలికి వెళ్లి కూర్చుండుడి. వారు ఆ పేరు ఎత్తినప్పుడు మాట మార్చకుడి. మరుసటి వారము మరల వెళ్లుడి.