హాల్డేను జీవితము

ఇంగ్లండు దేశమున ఆక్స్‌ఫర్డు నగరము విద్యలకు పుట్టినిల్లుగా పేరుపొందినది. ఆ నగరమున 1892వ సంవత్సరము నవంబరు 5వ తేదీన జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేను జన్మించెను. తండ్రి జాన్ స్కాట్ హాల్డేను శరీరధర్మశాస్త్రమున గొప్ప పండితుడు. మానవుడు గాలిని పీల్చు విధమును, గనులలోని విషవాయువుల స్వభావమును పరిశోధించుట ఆయన జీవితవ్రతము. కుమారుడు పసితనమునుండియు ఆ పరిశోధనలలో తండ్రికి సహాయకుడుగా నుండెను.

ఒకనాడు తండ్రి బాలుని బొగ్గుగనిలోనికి గొనిపోయి, ఒకచోట నిలువబెట్టి, షేక్‌స్పియరు నాటకములోని ప్రసంగ మొకటి అప్పగింపుమనెను. బాలుడు కొన్ని పంక్తులు చెప్పునంతలో ఊపిరాడక, కాళ్లు తేలిపోయి, నేలపై కూలెను. నేలపై పడిన కొలది సేపటికే తెప్పరిల్లెను. మీథేను వాయువు గాలికంటె తేలికయైనది. కావున అది గని కప్పు నంటియుండును, నేలకు దిగదు. తండ్రి నోటితో చెప్పవలసిన పాఠమును బాలుని ఊపిరితిత్తులచేతనే చెప్పించెను. ఇట్టి విద్యాబోధనను నేటి తల్లిదండ్రులు మెచ్చుకొనకపోవచ్చును. కాని హాల్డేను మాత్రము తన దేహమును ప్రయోగసాధనముగా వాడుకొను అలవాటును ఆనాటినుండి జీవితాంతము విడువలేదు.

1901లో, ఎనిమిదేండ్ల ప్రాయమున, తండ్రి ఆయనను మెండెలు సూత్రములను గూర్చిన ఉపన్యాసమునకు తీసికొనిపోయెను. మెండెలు ఆస్ట్రియా సామ్రాజ్యములోని బ్రున్ పట్టణమున సన్యాసి. ఆయన మఠపుతోటలో బఠానీ మొక్కలను పెంచి, జనకుల లక్షణములు సంతతికి ఏ లెక్క ప్రకారము సంక్రమించునో కనుగొని 1866లో ప్రకటించెను. 1900వ సంవత్సరము వఱకు శాస్త్రలోకము దానిని ఇంచుమించుగ పట్టించుకొననేలేదు. తిరిగి వెలుగులోనికి వచ్చిన మఱుసటి యేడే ఆ మాట ఈ బాలుని చెవిని పడినది. కొన్నియేండ్లకు ఆయన చెల్లెలు నయోమి ఇంటితోటలో గినీపందులను పెంచనారంభింపగా, అన్నచెల్లెండ్రిద్దఱును వానియందే ఆ సూత్రములను పరీక్షింపసాగిరి.

హాల్డేను ఈటన్ పాఠశాలయందును, ఆక్స్‌ఫర్డునందును చదివెను. మొదట గణితము, పిదప గ్రీకు లాటిను సాహిత్యములు అభ్యసించి 1914లో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను. ఇరువదవ శతాబ్దపు జీవశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడైన ఈయనకు విజ్ఞానశాస్త్రమున పట్టము లేకుండుట వింతగ తోచును. ఆయన గణితమునే ఆయుధముగ గొని ఆ శాస్త్రమున ప్రవేశించెను.

అంతలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. హాల్డేను సైన్యమున చేరి రెండు పర్యాయములు గాయపడెను. తన చెల్లెలితోడను, స్ప్రంటు అను స్నేహితునితోడను కలిసి ఎలుకలపై చేసిన పరిశోధనను 1915లో ప్రకటించునప్పటికి, ఆ స్నేహితుడు ఫ్రాన్సు రణరంగమున మరణించియుండెను. గాయములు మానుటకై హాల్డేనును 1917లో భారతదేశమునకు పంపిరి. పాలకుల జాతివాడుగ కాక, సమానుడుగ భారతీయులతో కలిసి మెలగగల దినము వచ్చినప్పుడే తిరిగి ఈ దేశమునకు రావలెనని ఆయన నిశ్చయించుకొనెను. ఆ దినము వచ్చుటకు నలుబదియేండ్లు పట్టినది.

పైని చెప్పిన ఎలుకల పరిశోధన యేమో కొంచెము తెలిసికొందము. అనువంశిక లక్షణములను మోయు అంశములకు జన్యువులని పేరు. అవి జీవకణములలో క్రోమోసోములను సన్నని పోగులపై వరుసగా నుండును. దారమున గ్రుచ్చిన పూసలతో వీనిని పోల్చవచ్చును. దారము ఒకచోట తెగి మఱియొక దారముతో ముడిపడినచో, దూరముననున్న పూసలు విడిపోవచ్చును. ప్రక్కప్రక్కనున్నవి చాలవఱకు కలిసియే పోవును. ఇట్లు కలిసి పోవుటను సహలగ్నత యందురు. క్షీరదములలో అది యున్నదని మొట్టమొదట చూపినది ఆ వ్యాసమే. ఇది ఎలుకల రంగులకు సంబంధించిన చిన్న విషయముగ తోచినను, మనుష్యుల వ్యాధులను ముందుగ తెలిసికొను మార్గము దీనినుండియే బయలుదేరినది.

యుద్ధానంతరము ఆయన కేంబ్రిడ్జిలో పదేండ్లు జీవరసాయనశాస్త్రమును బోధించి, 1933లో లండను యూనివర్సిటీ కళాశాలలో ఆచార్యపదవిని స్వీకరించెను. 1939లో థీటిస్ అను జలాంతర్గామి మునిగి 99 మంది మరణింపగా, సముద్రగర్భమున చిక్కిన నావికుల ప్రాణములు దక్కించు ఉపాయములకై ఇనుపగదిలో తన్ను తాను బంధించుకొని, అధికపీడనమున విషవాయువులను పీల్చి పరీక్షించుకొనెను. ఈ సాహసములవలననే ఆయన పేరు జనసామాన్యమున ప్రాకినది. కాని ఆయన కీర్తికి అసలైన ఆధారము కాగితము మీద వేసిన లెక్కలు.

హీమోఫీలియా అను వ్యాధి కలదు. దెబ్బ తగిలి నెత్తురు కారినచో మనకు కొంతసేపటికి గడ్డకట్టును; ఆ రోగికి కట్టదు. ఇది సాధారణముగ మగపిల్లలకే వచ్చును, ఎక్కువగ ఆరోగ్యవతులైన తల్లుల ద్వారా వచ్చును. స్త్రీకి ఎక్సు క్రోమోసోములు రెండు. ఒకదానిపై దోషమున్నను రెండవది పని నడిపించును. పురుషునకు అది ఒక్కటే. దోషమును మోయుచున్న తల్లికి పుట్టు ప్రతి కుమారునకును వ్యాధి వచ్చుటకు సగము, రాకుండుటకు సగము అవకాశము. విక్టోరియా రాణి కుమారుడగు లియోపోల్డు, ఆమె దౌహిత్రి కుమారుడగు రష్యా యువరాజు అలెక్సీ ఈ వ్యాధిగ్రస్తులే.

హాల్డేనుకు ఇచ్చట ఒక ప్రశ్న తోచినది. ఆనాడు ఈ రోగులు చాలవఱకు సంతానము లేకయే చిన్నతనమున మరణించుచుండిరి. ఎక్సు క్రోమోసోములలో మూడవవంతు పురుషులలో నుండును గనుక, తరమునకు మూడవవంతు చొప్పున ఈ చెడుజన్యువు లోకమునుండి తొలగిపోవలెను. అట్లయినచో కొన్ని తరములకే వ్యాధి మాయము కావలెను. మఱి ఏల కాలేదు? పోయినంత మేరకు క్రొత్తగ పుట్టుచుండవలెను. అనగా ఆరోగ్యకరమైన జన్యువు తనంతట తాను మాఱి దోషయుక్తమగుచుండవలెను. అట్టి మార్పు సుమారు 50,000 జన్యువులలో ఒకదానియందు కలుగునని 1935లో ఆయన అంచనా వేసెను. మానవజన్యువు మాఱు వేగమును లెక్కించుట చరిత్రలో అదియే మొదటిసారి. వంశమున ఎవరికిని లేని వ్యాధి బిడ్డకు వచ్చినప్పుడు దానికి తల్లినో, పూర్వపాపమునో కారణముగ చూపుట లోకమున నున్నది. ఈ లెక్క అట్టి మాటలకు ఆధారము లేకుండ చేసినది.

1937లో ఆయనయు, జూలియా బెల్ అను విదుషియు హీమోఫీలియా, వర్ణాంధత రెండును ఉన్న కుటుంబముల వంశవృక్షములను పరిశీలించి, ఆ రెండు జన్యువులును ప్రక్కప్రక్కనే యున్నవని నిరూపించిరి. ఎలుకలలో కనిపించిన సహలగ్నత ఇప్పుడు మానవునియందును కనిపించినది. రంగులు గుర్తింపలేకపోవుట ప్రాణాపాయము కాదు. కాని అది కనబడని చెడుజన్యువునకు గుర్తుగా నిలువగలదు. ఇట్టి గుర్తు హంటింగ్టను వ్యాధికి కూడ దొరికినచో, రోగి బిడ్డలలో ఎవరికి ఆ వ్యాధి రాగలదో ముందే చెప్పవచ్చునని వారు ఆ వ్యాసమున సూచించిరి. ఈ వ్యాధి సాధారణముగ నడివయస్సున వచ్చి, అవయవములను, మనస్సును క్రమముగ క్షీణింపజేయును. తల్లికి గాని తండ్రికి గాని ఉన్నచో ప్రతి బిడ్డకును సగము అవకాశము.

ఆ సూచన ఫలించుటకు దాదాపు అర్ధశతాబ్దము పట్టినది. వెనెజ్యులా దేశమున మారకైబో సరస్సు తీరపు పల్లెలలో ఈ వ్యాధి మిక్కిలిగ నున్నది. అచ్చటి కుటుంబముల నెత్తురు పరీక్షలు తోడ్పడగా, శాస్త్రజ్ఞులు 1983లో 4వ క్రోమోసోముపై ఆ గుర్తును కనుగొనిరి. 1993లో జన్యువునే పట్టిరి. నేడు నెత్తురు పరీక్షించి ఫలితము చెప్పవచ్చును. అయినను ఆ కుటుంబములలో పెక్కుమంది పరీక్ష చేయించుకొనుట లేదు. వ్యాధిని రూపుమాపు మందు లేనప్పుడు దానిని ముందుగ తెలిసికొనుట మేలా, తెలియకుండుటే మేలా యను ప్రశ్నను ఎవరికి వారే తేల్చుకొనవలసియున్నది. హీమోఫీలియా విషయము వేఱు. గడ్డకట్టించు పదార్థమును సూదిమందుగ నిచ్చి రోగులను బ్రతికించుచున్నారు. కొఱవడిన జన్యువును కాలేయకణములకు చేర్చు చికిత్సలకు 2022లో ఐరోపా, అమెరికాలలో అనుమతి లభించినది.

ఆ కాలమున అనువంశికశాస్త్రము పేర గొప్ప అన్యాయము జరుగుచుండెను. 1933లో జర్మనీ ప్రభుత్వము, అంతకు ముందే అమెరికాలోని కొన్ని రాష్ట్రములు, లోపములు గలవారని తలచినవారికి బలవంతముగ సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయు చట్టములను చేసినవి. హాల్డేను 1938లో ఒక గ్రంథము వ్రాసి వీనిని ఖండించెను. ఇందు దయతోపాటు గణితమును గలదు. రెండు చెడుజన్యువులు కలిసిననే వచ్చు వ్యాధి 10,000 మందిలో ఒకనికి ఉన్నదనుకొందము. అట్టి ఒక్క జన్యువును మోయుచు ఆరోగ్యముగ తిరుగువారు సుమారు 50 మందిలో ఒకరుందురు. రోగినొక్కని శిక్షించుటవలన తరుగునది ఏమియు లేదు. ఆ లెక్కన శిక్షించువారిలోను ఆ జన్యువును మోయువారు ఉండవచ్చును.

1948లో ఆయన మఱియొక ఊహ చేసెను; అది మఱుసటి యేడు అచ్చయినది. మధ్యధరా సముద్రతీరమున థాలసేమియా అను రక్తవ్యాధి జన్యువు అంత ఎక్కువగ నుండుటకు మలేరియా కారణమని ఆయన తలచెను. రెండు జన్యువులు గల బిడ్డ తీవ్రమైన రక్తహీనతతో బాధపడును. ఒక్కటే గలవాడు మలేరియాను తట్టుకొని బ్రతుకును. కొడవలి ఆకారపు రక్తకణముల వ్యాధి విషయమున ఇట్టిదే నిజమని 1954లో ఆలిసన్ అను వైద్యుడు ఆఫ్రికాలో చూపెను. ఈ సికిల్‌సెల్ వ్యాధి తెలుగునాట మన్యప్రాంతపు గిరిజనులలోను కలదు. దీనిని నిర్మూలించుటకై భారతప్రభుత్వము 2023లో దేశవ్యాప్త పరీక్షల పథకమును ప్రారంభించినది. ఆ సంవత్సరముననే, రోగి మూలకణములలోని జన్యువును సవరించి తిరిగి ఎక్కించు చికిత్సకు బ్రిటనులో అనుమతి వచ్చినది. దాని వెల మాత్రము సామాన్యులకు అందనిది.

ఇంతటి మేధావియందును లోపము లేకపోలేదు. రష్యాలో లైసెంకో అనునతడు మెండెలు సూత్రములను అబద్ధములని త్రోసివేసి, శాస్త్రజ్ఞులను హింసింపజేసెను. మహాశాస్త్రజ్ఞుడైన వావిలోవు 1943లో చెఱసాలయందే మరణించెను. కమ్యూనిస్టు పక్షమున చేరియున్న హాల్డేను, నిజము తెలిసియు, లైసెంకోను గట్టిగ ఖండింపక కొన్నియేండ్లు వెనుదీసెను. విషవాయువునకు జంకనివాడు స్వపక్షమువారికి జంకుట విచారకరము. తుదకు 1950 ప్రాంతమున ఆ పక్షమును విడిచెను.

1957లో ఆయనయు, భార్య హెలెన్ స్పర్వేయు లండను విడిచి కలకత్తాలోని భారతీయ గణాంకశాస్త్ర సంస్థకు వచ్చిరి. ఆ సంస్థకు అధిపతి మహలనోబిసు. హాల్డేను ధోవతి, లాల్చీ ధరించి, శాకాహారియై, 1961లో భారతపౌరుడయ్యెను. ఆయన శిష్యులలో ద్రోణంరాజు కృష్ణారావు ఆంధ్రుడు. గురువు ప్రోత్సాహమున ఆయన ఆంధ్రదేశములోని మేనరికపు వివాహములను పరిశోధించెను. మన ఇండ్లలో మేనత్త మేనమామ బిడ్డలను పెండ్లాడుట, అక్క కూతును పెండ్లాడుట చిరకాలముగ నున్న ఆచారములు. మేనత్త మేనమామ బిడ్డల సంతానమున ఒకే పూర్వికుని జన్యువు రెండువైపులనుండియు చేరు అవకాశము 16లో ఒక వంతు. మేనమామ మేనకోడండ్ర సంతానమున 8లో ఒక వంతు. అట్టి పిల్లలలో పెక్కుమంది ఆరోగ్యముగనే యుందురు. కాని అరుదైన వ్యాధులు ఇతరులలోకంటె వారిలో ఎక్కువ. హాల్డేను ఈ ఆచారమును ఎగతాళి చేయక, లెక్కింపవలసిన విషయముగ చూచెను.

1962లో ఆయన భువనేశ్వరమున చేరి, ఒరిస్సా ప్రభుత్వ సహాయమున జన్యుశాస్త్ర పరిశోధనశాలను నెలకొల్పెను. మఱుసటి యేడు పురీషనాళమున క్యాన్సరు బయటపడినది. 1964 ఆరంభమున లండనులో శస్త్రచికిత్స జరిగినది. రోగశయ్యపై నుండియే తన వ్యాధిని గూర్చి హాస్యపద్యములు వ్రాసి, అనుమానము కలిగినప్పుడు సిగ్గుపడక వెంటనే వైద్యుని చూడవలెనని జనులకు తెలిపెను. శస్త్రచికిత్స వ్యాధిని పూర్తిగ తీయలేకపోయినది. 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున ఆయన కన్నుమూసెను.

జీవితకాలమంతయు ప్రయోగములకు పెట్టిన దేహము మరణానంతరము తనకు అక్కఱలేదు గనుక, వైద్యవిద్యార్థులకు ఇవ్వవలసినదని ఆయన వీలునామా వ్రాసియుండెను. ఆ ప్రకారము దానిని కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు చేర్చిరి.